వెనక ఇంకో ఎర్ర దీపం: కస్టమ్ బైక్‌కి అదనపు బ్రేక్ లైట్ వైరింగ్

బండి నడిపేవారికి హెడ్‌లైట్ వెలుగు రోడ్డు మీద కనిపిస్తుంది. ఇండికేటర్ వేస్తే మీటర్‌లో చిన్న దీపం కొట్టుకుంటుంది. హారన్ మోగకపోతే చెవికే తెలుస్తుంది. నడిపేవారికి ఏ రకంగానూ తెలియనిది మాత్రం వెనకుండే బ్రేక్ లైట్. అది పోయి పది రోజులైనా బండి మామూలుగానే నడుస్తుంది, మామూలుగానే ఆగుతుంది. సిగ్నల్ దగ్గర వెనక ఆగినవాళ్లు ఎవరైనా "అన్నా, నీ బ్రేక్ లైట్ వెలగట్లేదు చూస్కో" అంటే తప్ప బయటపడదు. అలా చెప్పేవాళ్లు తగలకపోతే, ఆ సంగతి చెప్పేది వెనక నుంచి వచ్చి గుద్దిన బండే.

అదనపు బ్రేక్ లైట్ గురించి ఆలోచన మొదలవ్వాల్సింది ఇక్కడి నుంచి. చాలామంది దాన్ని అందం కోసమో, ఎక్కువ వెలుగు కోసమో పెట్టిస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ రెండో దీపం వల్ల వచ్చే అసలు లాభం వేరు. మొదటిది చడీచప్పుడు లేకుండా పోయినప్పుడు రెండోది వెలుగుతూ ఉండాలి. వైరింగ్ సరిగ్గా చేస్తేనే ఆ లాభం దక్కుతుంది. తప్పుగా చేస్తే రెండో దీపంలో వచ్చిన షార్ట్ మొదటిదాన్ని కూడా ఆర్పేస్తుంది. అంటే డబ్బు ఖర్చుపెట్టి బండిని ముందుకన్నా ప్రమాదంలోకి నెట్టినట్టే.

కారుతో పోల్చి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. కారుకి కుడి, ఎడమ రెండు బ్రేక్ లైట్లు ముందు నుంచీ ఉన్నాయి. 1974లో జాన్ వోవోడ్‌స్కీ అనే అమెరికన్ సైకాలజిస్టు శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీలకు వెనక మధ్యలో మూడో దీపం పెట్టించి పరిశీలించారు. ఆ దీపం ఉన్న టాక్సీలను వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు 60.6 శాతం తక్కువగా వచ్చాయి. ఆ తర్వాత మరిన్ని పరీక్షలు జరిగి, 1986 మోడళ్ల నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకీ మూడో దీపం తప్పనిసరి అయ్యింది. ఏళ్లు గడిచి అందరి కళ్లకూ అలవాటయ్యాక, అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్కలో ఆ లాభం 4.3 శాతం దగ్గర నిలబడింది. మొదటి అంకెతో పోలిస్తే చిన్నదే. అయినా ఒక బల్బు, రెండు వైర్లు చేసే పనికి అది తక్కువేమీ కాదు.

బైక్ సంగతి వేరు. దానికి ఉన్నదే ఒక్క బ్రేక్ లైట్. చాలా బండ్లలో అదీ ఒక్క బల్బే. 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు అని షాపులో అడిగితే ఇచ్చేది అదే. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది టెయిల్ లైట్‌కి, అంటే వెనక సన్నగా వెలుగుతూనే ఉండే దీపానికి; 21 వాట్లది బ్రేక్‌కి. కారుకి పెట్టేది మూడో దీపం, బైక్‌కి పెట్టేది రెండో దీపం. ఒకటి పోయినా ఇంకా రెండు ఉండటం వేరు, ఉన్న ఒక్కటీ పోవడం వేరు. అందుకే అదనపు దీపం కారుకన్నా బైక్‌కే ఎక్కువ అవసరం.

కస్టమ్ బండి, అంటే సొంత ఇష్టానికి తగ్గట్టు మార్పించుకున్న బండి దగ్గరికొస్తే ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని బాబర్‌గా మార్చడమే తీసుకుందాం. వెనక పొడవాటి ఇనుప మడ్‌గార్డ్‌ని సగానికి కోస్తారు. దాని మీదున్న పెద్ద టెయిల్ ల్యాంప్ పోతుంది. దాని బదులు గుప్పెట్లో పట్టేంత గుండ్రటి దీపం వస్తుంది. కొన్నిసార్లు నంబర్ ప్లేట్‌తో పాటు అది కూడా చక్రం ఇరుసు పక్కకి, ఎడమ వైపుకి దిగిపోతుంది. దీపం చిన్నదైంది, కిందకి పోయింది, పక్కకి జరిగింది. వెనకాల బస్సు డ్రైవర్ ఎత్తు నుంచి చూస్తే అది కంట్లో పడటమే కష్టం. పైగా కంపెనీ దీపం రబ్బరు వాషర్ల మీద కూర్చునేది. కొత్తదాన్ని నేరుగా ఇనుముకి బోల్టు వేసి బిగించేస్తారు. సింగిల్ సిలిండర్ ఇంజన్ కొట్టే కుదుపు మొత్తం బల్బులోని సన్నటి ఫిలమెంటుకి చేరుతుంది. అది తొందరగా తెగడంలో వింతేముంది?

కాబట్టి సీటు అంచు కింద ఇంకో ఎర్ర దీపం పెట్టాలనుకోవడం మంచి ఆలోచన. ఇక అది ఎలా పెట్టాలన్న దగ్గరికి వద్దాం.

ముందు ఉన్న సర్క్యూట్ అర్థం కావాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి కరెంటు మెయిన్ ఫ్యూజుకి వస్తుంది, అక్కడి నుంచి తాళం స్విచ్‌కి. తాళం తిప్పాక రెండు బ్రేక్ స్విచ్‌ల దగ్గరికి చేరుతుంది. ఒకటి కుడి హ్యాండిల్ మీద ముందు బ్రేక్ లీవర్ దగ్గర, రెండోది కాలి పెడల్ దగ్గర. ఈ రెండూ వైరింగ్‌లో సమాంతరంగా (పారలల్‌గా) కలిసి ఉంటాయి. ఏది నొక్కినా దారి తెరుచుకుని కరెంటు ఒకే వైరు మీద వెనక్కి, 21 వాట్ల ఫిలమెంటుకి పోతుంది. ఫిలమెంటు దాటాక ఎర్త్ ద్వారా, అంటే తిరుగుదారిగా వాడే వైరు లేదా బండి ఇనుప బాడీ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి వస్తుంది. వెనక దీపం దగ్గర కనిపించే మూడు వైర్లు ఇవే: టెయిల్, బ్రేక్, ఎర్త్.

ఇందులో ఏది ఏదో రంగు చూసి తేల్చేయడం చాలా పెద్ద పొరపాటు. హోండా బండ్లలో పచ్చ వైరు ఎర్త్, పచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్ లైట్, నల్లది తాళం తిప్పగానే పాజిటివ్ వచ్చే వైరు. యమహాలో నల్ల వైరు ఎర్త్, పసుపుది బ్రేక్ లైట్. యమహా మీద పనిచేసి అలవాటైన చెయ్యి హోండాలో నల్లదాన్ని ఎర్త్ అనుకుని బాడీకి బిగిస్తే, తాళం తిప్పిన క్షణమే ఫ్యూజు ఎగిరిపోతుంది. కస్టమ్ బండి అయితే కంపెనీ రంగులకి కూడా గ్యారంటీ లేదు. ముందు పనిచేసినవారి దగ్గర ఆ రోజు ఏ రంగు వైరు మిగిలి ఉంటే అదే వేసి ఉండొచ్చు.

అందుకే టెస్ట్ ల్యాంప్ కావాలి. చిన్న బల్బుకి ఒక వైపు క్లిప్పు, ఇంకో వైపు సూది ఉన్న సాధనం. ఆటో ఎలక్ట్రీషియన్ జేబులో ఎప్పుడూ ఉండేది. క్లిప్పుని బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టి, తాళం తిప్పి, సూదిని ఒక్కో వైరుకి తాకించాలి. బ్రేక్ నొక్కితే వెలిగి వదిలితే ఆరిపోయేది బ్రేక్ వైరు. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ, లేదా లైట్ స్విచ్ వేసినంతసేపూ వెలిగేది టెయిల్ వైరు. ముందు బ్రేక్‌తో ఒకసారి, వెనక బ్రేక్‌తో ఒకసారి విడివిడిగా చూడాలి. ఒకదానితో వెలిగి ఇంకోదానితో వెలగకపోతే, కొత్త దీపం సంగతి తర్వాత, ముందు ఆ స్విచ్ సంగతి చూడాలి. పోయిన స్విచ్ వెనక ఎన్ని దీపాలు పెట్టినా అవన్నీ కలిసి ఆరిపోయే ఉంటాయి.

కేఫ్ రేసర్‌గా, అంటే పాతకాలపు రేసు బండిలా ముందుకి వంగి నడిపేలా మార్చిన బండ్లలో ఈ లోపం తరచూ కనిపిస్తుంది. ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి జరిపే రియర్ సెట్లు బిగించినప్పుడు పాత పెడల్ పోతుంది. దానితో పాటు స్ప్రింగు లాగే బ్రేక్ స్విచ్ కూడా పోతుంది. ఆ వైర్లకి టేపు చుట్టి వదిలేస్తారు. ఆ రోజు నుంచి కాలి బ్రేక్‌కి దీపం వెలగదు. వెనక డిస్క్ ఉన్న బండికి దీనికో దారి ఉంది. బ్రేక్ గొట్టాన్ని మాస్టర్ సిలిండర్‌కి (బ్రేక్ ఆయిల్‌ని తోసే భాగం) బిగించే బ్యాంజో బోల్టు తీసి, దాని బదులు ప్రెషర్ స్విచ్ ఉన్న బోల్టు వేయొచ్చు. ఆయిల్ ఒత్తిడి పెరగగానే అందులోని స్విచ్ కలుస్తుంది. కాకపోతే ఆ బోల్టు మందం 10 మిల్లీమీటర్లే అయినా మర పిచ్ (ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం) 1.0, 1.25 అని రెండు రకాలు. ఒకటి బదులు ఇంకోటి బలవంతంగా తిప్పితే సిలిండర్ మరలు పాడై బ్రేక్ ఆయిల్ కారుతుంది. లైట్ కోసం వెళ్లి బ్రేకే పోగొట్టుకున్నట్టవుతుంది. బోల్టు మార్చాక బ్రేక్ గొట్టంలో చేరిన గాలి తీయడం కూడా తప్పనిసరి. ఏబీఎస్ ఉన్న బండి అయితే ఆయిల్ లైన్ జోలికి పోకుండా, పెడల్‌కే చిన్న స్విచ్ ఏదైనా అమర్చుకోవడం మంచిది.

ఇక కొత్త దీపం ఏ రకమో ఎంచుకోవాలి. ఫిలమెంటు బల్బా, ఎల్‌ఈడీనా? ఇక్కడ సందేహం అక్కర్లేదు, ఎల్‌ఈడీయే. కారణాలు రెండు. మొదటిది వేగం. ఫిలమెంటు ఎర్రగా కాలి పూర్తి వెలుగుకి రావాలంటే సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం దాదాపు లేదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెనక వచ్చే బండి సెకనుకి 16.7 మీటర్లు కదులుతుంది. సెకనులో ఐదో వంతంటే 3.3 మీటర్లు, పది అడుగుల పైన. ఆ పది అడుగులే ఒక్కోసారి బంపర్‌కీ టైర్‌కీ మధ్య మిగిలే ఖాళీ.

రెండోది కరెంటు. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు తాగుతుంది. అలాంటిదే ఇంకోటి కలిపితే మొత్తం 3.5 ఆంపియర్లు. హ్యాండిల్ లీవర్ కింద ఉండే స్విచ్‌ని ఒకసారి విప్పి చూస్తే లోపల గోరంత రాగి రేకులే ఉంటాయి. వాటిని ఒక్క బల్బు బరువుకి తగ్గట్టు చేశారు. రెట్టింపు కరెంటు రోజుకి కొన్ని వందల సార్లు వాటి మీదుగా తెగి కలుస్తుంటే ఆ రేకులు కాలి నల్లబడతాయి. అదే 3 వాట్ల ఎల్‌ఈడీ దీపమైతే పావు ఆంపియరే. స్విచ్‌కి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

ఎల్‌ఈడీలో కూడా చూసి కొనాల్సింది ఉంది. మార్కెట్లో దొరికే చౌక రకం 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీలో మూడేసి ఎల్‌ఈడీలు, కరెంటుని తగ్గించే ఒక రెసిస్టర్ వరుసగా ఉంటాయి. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మూడింటికి 6. మిగిలిన 6 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. అది 300 ఓములదైతే కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు. ఇది సరిగ్గా 12 వోల్టులు వచ్చినప్పటి లెక్క. ఇంజన్ తిరుగుతూ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు బండిలో ఉండేది 12 కాదు, 14.4 దాకా ఉంటుంది. అప్పుడు ఎల్‌ఈడీలు తీసుకునేది ఇంచుమించు అంతే, పెరిగిన 2.4 వోల్టులూ రెసిస్టర్ మీదే పడి కరెంటు 28 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. కరెంటు 40 శాతమే పెరిగింది, కానీ రెసిస్టర్‌లో పుట్టే వేడి దాదాపు రెట్టింపైంది. ఎండాకాలంలో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు బ్రేక్ పట్టుకుని నిలబడితే పట్టీ ఎందుకు మాడుతుందో, ఒక్కో మూడు దీపాల ముక్క ఎందుకు ఆరిపోతుందో ఈ లెక్కే చెబుతుంది. గోడకో షోకేస్‌కో అంటించే పట్టీని బండికి వాడకూడదన్నది అందుకే. బండ్ల కోసం చేసిన, లోపల కరెంటుని అదుపులో పెట్టే సర్క్యూట్ ఉన్న దీపం కొంచెం ఖరీదైనా అదే కొనాలి.

రంగు విషయంలోనూ ఒక మాట. ఎర్ర గాజు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఎక్కువ వెలుగొస్తుందనుకుంటారు. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర గాజు మిగతా రంగులన్నీ ఆపేస్తే, బయటకి వచ్చేది వెలిసిపోయిన వెలుగు. ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి.

ఇప్పుడు అసలు పని, కనెక్షన్. సాధారణంగా చేసేది ఒకటే. పాత బ్రేక్ వైరు పొర ఒలిచి, కొత్త దీపం వైరు దానికి మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. అరగంటలో వెలుగుతుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది కూడా. కొత్త వైరు ఎక్కడో సీటు పట్టీ కింద నలిగి, పొర చిరిగి, రాగి ఛాసిస్‌కి తగిలిన రోజున ఏమవుతుంది? బ్రేక్ నొక్కగానే షార్ట్. ఆ దారిలో ఉన్న ఏకైక ఫ్యూజు ఎగిరిపోతుంది. చాలా బండ్లలో ఆ ఒక్క ఫ్యూజు మీదే హారన్, ఇండికేటర్లు, పాత బ్రేక్ లైటు ఆధారపడి ఉంటాయి. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ నుంచి నడిచేవన్నీ ఆ ఒక్కదాని మీదే, ఇంజన్‌తో సహా. బ్రేక్ నొక్కిన క్షణంలోనే, వెనకవాళ్లకి దీపం అత్యవసరంగా కనిపించాల్సిన క్షణంలోనే, అంతా ఆరిపోతుంది.

దీనికి మందు చాలా చిన్నది. పాత బ్రేక్ వైరు నుంచి కొత్త వైరు విడిపోయే చోట, ఒక జానెడు లోపలే, 1 లేదా 2 ఆంపియర్ల చిన్న ఫ్యూజు పెట్టాలి. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే గ్లాస్ ఫ్యూజు, దాని హోల్డర్ చాలు. పావు ఆంపియరు తీసుకునే ఎల్‌ఈడీకి అది ఎప్పుడూ అడ్డు రాదు. షార్ట్ అయితే మాత్రం 10, 15 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు కాలేలోపే ఇది కాలిపోయి కొత్త కొమ్మని, అంటే కొత్త దీపానికి పోయే వైరుని మొత్తంగా విడగొట్టేస్తుంది. పాత దీపం వెలుగుతూనే ఉంటుంది. ఈ వ్యాసంలో ఒక్క పనే గుర్తుపెట్టుకోగలిగితే అది ఇదే కావాలి.

రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ సంగతేమిటి? అదనపు దీపం ఫిలమెంటు బల్బు అయితే, లేదా రెండు మూడు దీపాలు కలిపి పెడుతుంటే రిలే అవసరం. రిలే మీద 30, 87, 85, 86 అని నంబర్లు ఉంటాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి సొంత ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి కొత్త దీపానికి, పాత బ్రేక్ వైరు నుంచి 86కి, 85 ఎర్త్‌కి. బ్రేక్ నొక్కితే రిలే లోపలి కాయిల్ అయస్కాంతమై 30ని 87తో కలుపుతుంది. పాత స్విచ్ మీద అదనంగా పడేది కాయిల్ తీసుకునే సుమారు 0.15 ఆంపియరే. కొత్త దీపం కరెంటంతా వేరే దారిలో బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. పద్ధతిగా చూస్తే ఇదే గట్టిది. కానీ ఒక్క 3 వాట్ల ఎల్‌ఈడీకి రిలే పెట్టడం అనవసరం. దీపం తాగేదానిలో సగానికి పైగా కాయిలే తాగుతుంది, పైగా చెడిపోవడానికి ఇంకో వస్తువు తోడైనట్టు. చిన్న ఎల్‌ఈడీకి చిన్న ఫ్యూజు, పెద్ద దీపానికి రిలే అని పెట్టుకుంటే సరిపోతుంది.

యాక్టివా లాంటి స్కూటర్లలో ఇంకో మెలిక ఉంది. బ్రేక్ పట్టుకుంటేనే సెల్ఫ్ స్టార్ట్ అవుతుంది కదా. అంటే బ్రేక్ స్విచ్ నుంచి వచ్చే కరెంటు దీపానికే కాదు, స్టార్టర్ రిలేకి కూడా పనికొస్తోంది. అలాంటి వైరులోకి వేరే దారి నుంచి కరెంటు వెనక్కి పాకేలా కనెక్షన్ ఇస్తే స్టార్టర్ భద్రత దెబ్బతింటుంది. కొత్త కొమ్మ మొదట్లో ఒక డయోడ్ పెడితే కరెంటు దీపం వైపే పోతుంది, తిరిగి రాదు. 1 ఆంపియరు డయోడ్ ఎల్‌ఈడీకి చాలు. ఇక 2004లో వచ్చిన ఆర్ 1200 జీఎస్ నుంచి బీఎండబ్ల్యూ బండ్లలో వైరింగ్ అంతా కంప్యూటర్ పర్యవేక్షణలో నడుస్తుంది. అక్కడ లోడ్ మారితే బండి దాన్ని లోపంగా లెక్కేయొచ్చు. ఆ రకం బండికి పైన చెప్పిన మెలిపెట్టే పద్ధతి అసలు పనికిరాదు.

పాత 100 సీసీ బండ్లలో హెడ్‌లైటు, టెయిల్ లైటు ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెట్ నుంచి వచ్చే ఏసీ మీద, బ్రేక్ లైటు, హారన్, ఇండికేటర్లు బ్యాటరీ డీసీ మీద నడిచేవి ఉన్నాయి. రెండూ ఒకే బల్బులో కలిసే ఉంటాయి కాబట్టి బయటికి తెలియదు. కొత్త ఎల్‌ఈడీ దీపం టెయిల్ వైరుని ఆ ఏసీకి కలిపితే అది నిలకడగా వెలగదు, అదురుతుంది. అలాంటి బండిలో కొత్త దీపాన్ని బ్రేక్‌కి మాత్రమే వాడి, టెయిల్ పని పాతదానికే వదిలేయడం సులువు. నిజానికి ఏ బండికైనా ఈ పద్ధతే మంచిది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త బైకులకి ఇంజన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది, దానితో పాటే వెనక దీపమూ. వెలుగుతున్న ఎర్ర దీపం కొంచెం ఎక్కువ వెలగడం కన్నా, ఆరి ఉన్న చోట హఠాత్తుగా ఎరుపు పుట్టడం కంటికి బాగా తగులుతుంది. ఒకే దీపం రెండు పనులూ చేసేటప్పుడు బ్రేక్ వెలుగు టెయిల్ వెలుగుకి కనీసం ఐదు రెట్లు ఉండాలని అమెరికా ప్రమాణం అడుగుతుంది. చౌక దీపాల్లో అంత తేడా ఉండదు. అయిదారు మీటర్లు వెనక్కి జరిగి చూస్తే టెయిల్ ఏదో బ్రేక్ ఏదో పోల్చుకోవడమే కష్టమయ్యే దీపాలున్నాయి.

పాజిటివ్ వైరు గురించి ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్లు కూడా ఎర్త్ దగ్గర తేలిగ్గా తీసుకుంటారు. "ఎక్కడో ఒక బోల్టుకి తగిలించెయ్" అనే మాట ప్రతి వర్క్‌షాపులో వినిపిస్తుంది. కస్టమ్ బండికి ఆ మాట చేసే చెరుపు అంతా ఇంతా కాదు. ఛాసిస్ విప్పి, పాత రంగు గీకి, పౌడర్ కోటింగ్ వేయించి ఉంటారు. ఆ కోటింగ్ ప్లాస్టిక్ పొర లాంటిది, కరెంటుని పోనివ్వదు. దీపం ఎర్త్ బోల్టు మర అంచున ఎక్కడో రవ్వంత ఇనుము తగిలి మొదటి రోజు వెలుగుతుంది. రెండు వానలు పడితే ఆ రవ్వంత చోట తుప్పు పడుతుంది. ఫైబర్ మడ్‌గార్డ్ అయితే ఆ రవ్వంత కూడా లేదు.

చెడిన ఎర్త్ చూపించే లక్షణాలు వింతగా ఉంటాయి, అందుకే దాన్ని పట్టుకోవడానికి పూటలు పడుతుంది. బ్రేక్ నొక్కితే టెయిల్ లైటు మసకబారుతుంది. లేదా మీటర్ దీపం సన్నగా వెలుగుతుంది. దెయ్యం పట్టినట్టు అనిపించినా దీనికి లెక్క ఉంది. 21 వాట్ల ఫిలమెంటు దాటిన కరెంటుకి ఎర్త్‌కి పోయే దారి మూసుకుపోయింది. రెండు ఫిలమెంట్లూ లోపల ఒకే ఎర్త్‌కి కలిసి ఉంటాయి కనుక, అది 5 వాట్ల ఫిలమెంటులోకి ఎదురెక్కి, టెయిల్ వైరు మీదుగా మీటర్ బల్బు దాకా పోయి అక్కడ ఎర్త్ వెతుక్కుంటోంది. ఇలాంటప్పుడు బల్బులూ స్విచ్‌లూ మార్చుకుంటూ పోతే ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

అంత దాకా పోకుండా ఎర్త్ కొంచెం బలహీనపడినా నష్టమే. ఫిలమెంటు బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం కాదు, సుమారు 30 శాతం పడిపోతుంది. కాబట్టి కొత్త దీపానికి ఛాసిస్‌ని నమ్మకుండా, పాజిటివ్ వైరు పక్కనే ఇంకో ఎర్త్ వైరు లాగి బ్యాటరీ నెగెటివ్‌కో, కంపెనీ ఎర్త్ పాయింటుకో నేరుగా బిగించాలి. పాత దీపం ఎర్త్ మీద కూడా దీన్ని వేలాడదీయకూడదు. ఒకే ఎర్త్ మీద రెండు దీపాలు ఆధారపడితే, అది ఊడిన రోజు రెండూ కలిసే పోతాయి. రెండో దీపం పెట్టిన ప్రయోజనమే పోయింది.

వైరు మందం గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఎల్‌ఈడీకి అర చదరపు మిల్లీమీటరు ఆటో వైరు ధారాళంగా సరిపోతుంది. 21 వాట్ల బల్బుకైనా రెండు మీటర్ల మీద పోయేది 0.12 వోల్టే. ఇంట్లో గోడలో వేసే ఒంటి తీగ వైరు మాత్రం వద్దు, కుదుపుకి విరిగిపోతుంది. సన్నటి పోగులు ఎక్కువగా ఉన్న వైరు తీసుకోవాలి.

జాయింట్ల దగ్గర మాత్రం ఓపిక కావాలి. టంకం పెడితే గట్టిదని అందరి నమ్మకం. టంకం కరిగి పోగుల మధ్య నుంచి కొంత దూరం లోపలికి పాకి, అంత మేరా వైరుని కడ్డీలా బిగదీస్తుంది. ఆ కడ్డీ ఆగిపోయి మెత్తటి వైరు మొదలయ్యే గీత దగ్గరే కుదుపంతా పడి, పొర లోపలే పోగులు తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు. వైరు పట్టుకుని కదిపితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. కొలతకు తగ్గ కనెక్టర్ పెట్టి, సరైన ప్లయర్‌తో క్రింప్ చేసి (నొక్కి బిగించి), పైన వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయడం బండికి నప్పే పద్ధతి. టంకమే పెట్టాల్సి వస్తే స్లీవ్‌ని ఆ గీత దాటి రెండు వైపులా ఒక అంగుళం పొడిగించి, అక్కడ వైరు కదలకుండా ఛాసిస్‌కి కట్టాలి. ఉత్త టేపు మన ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. ఏడాది తర్వాత అలాంటి జాయింట్ విప్పి చూస్తే లోపలి రాగి ఎర్రగా ఉండదు, పచ్చటి చిలుము పట్టి, గోటితో గీకితే పొడి రాలుతుంది.

వైరు పోయే దారి కూడా చూసుకోవాలి. చక్రం గుంత మీద పైకి లేచినప్పుడు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఎంత చోటు మిగులుతుందో, ఇద్దరు కూర్చుంటే ఎంత మిగులుతుందో చూశాకే వైరుని మడ్‌గార్డు అడుగున పోనివ్వాలి. నంబర్ ప్లేట్ ఇరుసు పక్కన ఉన్న బండిలో వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే స్వింగ్‌ఆర్మ్ కదిలే చోట వైరుని బిగుతుగా లాగకుండా ఒక వంపు వదలాలి. చైను వైపు కాకుండా రెండో వైపు నుంచి పోతే ఇంకా మంచిది.

చట్టం గురించి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడే వీలుంది. అందుకే కంపెనీ ఇచ్చిన బ్రేక్ లైటుని తీసేసి కొత్తది పెట్టడం కన్నా, దాన్ని ఉంచి ఇంకోటి కలపడం ఆ రకంగా కూడా మేలు. వెనక వైపుకి చూపే దీపం ఎరుపే కావాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి, ఇండికేటర్, నంబర్ ప్లేట్ దీపం లాంటి మినహాయింపులతో. నీలం, తెలుపు కలిపి మిణుకుమిణుకుమనే బ్రేక్ లైట్లు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. అవి వెనకవాళ్లకి ఆగమని చెప్పవు, తికమక పెడతాయి. నిలకడగా వెలిగే ఎరుపుకి అందరి కళ్లూ అలవాటుపడి ఉన్నాయి, దానితో ఆటలాడకూడదు.

అంతా బిగించాక పరీక్ష. ఒక్క మల్టీమీటర్‌ని నమ్మకూడదు. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మీటర్‌కి 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాదాపు ఏ కరెంటూ తీసుకోదు. దీపం వెలుగుతుండగా కొలవాలి. బ్రేక్ నొక్కి పట్టుకుని, మీటర్ ఒక కొసని బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొసని దీపం ఎర్త్ వైరుకి పెడితే 0.2 వోల్టు లోపే చూపించాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే ఎర్త్ బోల్టు కింద రంగు గీకి మళ్లీ బిగించాలి.

తర్వాత చీకటి పడ్డాక బండిని గోడకి వెనక చూపించి నిలబెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ముందు బ్రేక్ ఒకసారి, వెనక బ్రేక్ ఒకసారి నొక్కాలి. గోడ మీద రెండు ఎర్ర వెలుగులు పడాలి. హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ, సీటు మీద ఊగుతూ చూసినా అవి రెప్ప వేయకూడదు. ఆపైన కొత్త దీపం ఫ్యూజు తీసేసి బ్రేక్ నొక్కాలి. పాతది వెలగాలి. ఫ్యూజు తిరిగి పెట్టి, పాత దీపం బల్బు ఊడదీసి నొక్కాలి. కొత్తది వెలగాలి. ఈ రెండూ జరిగితే బల్బు తిరిగి పెట్టి, సీటు బిగించేయొచ్చు.